ట్యాంకులో పన్నెండో చోటు

ట్యాంకన్న అబద్ధం ఆడతాడంటే ఆ మెడికల్ కాలేజీలో ఎవరూ నమ్మరు. హాల్లో ఎవరో పారేసుకున్న పెన్ను మూత దొరికినా దాన్ని నోటీసు బోర్డుకి దారంతో కట్టి, సొంతదారు వచ్చేదాకా కాపలా కాసే రకం. అలాంటి మనిషి ఇరవై ఆరేళ్లుగా, ఏడాదికోసారి, కన్నార్పకుండా ఒకే అబద్ధం ఆడుతూ వచ్చాడు. అది మానేసిన రోజునే కొంప మునిగింది. ఆ సంగతే ఇది.

ఆయన డిసెక్షన్ హాల్లో అటెండరు. మొదటి సంవత్సరం పిల్లలు మనిషి ఒంట్లో ఏది ఎక్కడుందో కోసి చూసి నేర్చుకునే హాలు అది. పోయాక తమ శరీరం చదువుకు పనికిరావాలని రాసిచ్చినవాళ్లను అక్కడికి తీసుకొస్తారు. తొడ దగ్గర రక్తనాళం తెరిచి పాడవకుండా మందు ఎక్కించడం, కుడికాలి బొటనవేలికి నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ల కట్టడం, వెనక గదిలో ఉన్న ఫార్మలిన్ ట్యాంకులోకి దించడం, ఏడాది నానాక పైకి తీసి బల్ల మీద పడుకోబెట్టడం, అన్నీ ఆయన చేతుల మీదుగానే జరగాలి. ట్యాంకులో పన్నెండు మందికి చోటుంది. బిళ్లలూ పన్నెండే. ట్యాంకు తాళం, రిజిస్టరు రెండూ ఆయన దగ్గరే ఉంటాయి. అందుకని పిల్లలు ట్యాంకన్న అన్నారు, ప్రొఫెసర్లూ అదే అందుకున్నారు. అసలు పేరు జీతాల కాగితం మీద తప్ప ఇంకెక్కడా మిగల్లేదు.

శవం అనే మాట ఆయన నోట రాదు. మనుషులు అంటాడు. కొత్తగా చేరిన పిల్లలు ఎవరైనా "అన్నా, ఆ మూడో బాడీ" అంటే వినపడనట్టు ఊరుకుంటాడు. "మూడో బల్ల మీద పెద్దాయన" అనేదాకా చెవుడే.

ఇక ఆ అబద్ధం సంగతి. కొత్త బ్యాచ్ చేరేముందు డిపార్ట్‌మెంటు నుంచి ఎవరో ఒకరొచ్చి, గుమ్మంలోనే నిలబడి, చేతిరుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని, "ఎంతమంది ఉన్నారన్నా?" అని అడుగుతారు. ట్యాంకులో ఎనిమిది మంది ఉంటే ఆరుగురంటాడు. ఆరుగురుంటే నలుగురంటాడు. ఎప్పుడూ రెండు తక్కువ. ఈ విద్య నేర్పింది ఆయనకంటే ముందు అక్కడ పనిచేసిన ముసలాయన. "ఉన్నదంతా చెప్పావనుకో, బల్లకొకరిని పడుకోబెట్టించేస్తారు. తీరా పరీక్షల ముందు నరం తెగిపోయింది, కండరం చిరిగిపోయింది అని పిల్లలు నీ దగ్గరికే వచ్చి ఏడుస్తారు. అప్పుడెక్కణ్ణించి తెస్తావు? ఇద్దరిని నీ చేతిలో ఉంచుకో," అన్నాడు. ట్యాంకులు కాసే పాతకాపులందరూ చేసే పనే ఇది. ప్రొఫెసర్లకి తెలియదా అంటే శుభ్రంగా తెలుసు. తెలిసీ తెలియనట్టు ఉంటారు. ఎందుకంటే పరీక్షల వేళ ఆ దాచిన ఇద్దరే డిపార్ట్‌మెంటు పరువు నిలబెడతారు.

ఆయన భార్యది కుట్టుపని. కాలేజీ గేటుకి ఎదురుసందులో వాళ్ల ఇల్లు. ముందుగదిలో మిషను వేసుకుని మెడికల్ పిల్లలకి తెల్లకోట్లు కుట్టేది. ఇరవై రెండేళ్లు కోట్లు కుట్టింది కాబట్టి అందరికీ కోట్లత్త అయింది. "కోట్లకి పడగెత్తాను, ఉండటానికి మాత్రం ఈ రెండు గదులే," అని తన మీద తనే జోకు వేసుకునేది. టేపు పెట్టకుండా కంటితో చూసి కొలత చెప్పగలదు. మొదటి సంవత్సరంలో కుట్టిన కోటు మూడో సంవత్సరానికి బిగుతైందంటే, "హాస్టల్ తిండి బాగానే వంటబట్టిందిరోయ్," అని కుట్లు విప్పి వదులు చేసిచ్చేది. చదివింది మూడో తరగతి. ఆ తర్వాత తమ్ముళ్లని ఎత్తుకోవడానికి బడి మానిపించారు. అది తలుచుకుని ఏడ్చే మనిషి కాదు గానీ, కాలేజీ అనే మాట వచ్చినప్పుడల్లా ఒక్క క్షణం మిషను ఆగేది.

ఆవిడకి ఆయాసం మొదలై అయిదేళ్లు. మొదట్లో మెట్లెక్కితే వచ్చేది, తర్వాత పడక దులిపినా వచ్చేది. కాలేజీ ఆసుపత్రిలోనే చూపించుకుంది. కుర్ర డాక్టరు స్టెతస్కోపు ఇలా ఆనించి అలా తీసి రక్తం తక్కువుందని టానిక్ రాసేవాడు. ఒకరి తర్వాత ఒకరు, మూడేళ్లు అదే టానిక్. చివరికి ఒక పెద్ద డాక్టరు కళ్లు మూసుకుని చాలాసేపు విని, గుండెలో కవాటం బిగుసుకుపోయిందమ్మా, ముందే రావాల్సింది అన్నాడు. ముందే వచ్చాను సార్ అని ఈవిడ అనలేదు. ఆపరేషన్ తట్టుకునే దశ దాటిపోయిందని తేల్చారు.

"ఏమండీ, నేను కుట్టిన కోటే వేసుకున్నాడు ఆ టానిక్ రాసిన అబ్బాయి. నా గుండె చప్పుడు మాత్రం వినపడలేదు," అంది ఇంటికొచ్చాక. కోపంగా అనలేదు. రెండు రోజులు ఆలోచించి, మూడోరోజు అన్నం వడ్డిస్తూ అసలు మాట బయటపెట్టింది. "వాళ్ల తప్పేముంది. ఎవరూ చూపించలేదు. నేను పోయాక నా గుండె తీసి వాళ్ల చేతిలో పెట్టండి. బిగుసుకుపోతే ఇలా ఉంటుందని ఒక్కసారి వేలితో తడిమి చూసినవాడు మళ్లీ జన్మలో మర్చిపోడు."

ట్యాంకన్న కంచం పక్కకి జరిపాడు. వందలమందిని ఆ ట్యాంకులోకి దించిన మనిషి. ఎవరైనా "మీ ఇంట్లోవాళ్లనైతే ఇస్తారా?" అని అడిగితే "ఎందుకివ్వం?" అని ఠక్కున చెప్పేవాడు. తన కంచం ముందుకే వచ్చేసరికి మాట పడిపోయింది. మూడు రోజులు భార్యాభర్తల మధ్య మాటల్లేవు. నాలుగో రోజు ఆయనే ఫారం తెచ్చాడు. కూతురు ఒప్పుకోవడానికి మూడు నెలలు పట్టింది. ఆ అమ్మాయి చిన్నపిల్లల బడిలో టీచరు, పక్కవీధిలోనే కాపురం. "అమ్మని పిల్లలు కొయ్యడమేమిటి నాన్నా," అని ఏడ్చి, అమ్మ మొండిపట్టు తెలుసు కాబట్టి చివరికి సాక్షి సంతకం పెట్టింది.

సంతకాలయ్యాక కోట్లత్త హుషారుగా అడిగింది. "సీటు వచ్చింది సరే, నా రోల్ నంబరెంత?"

"పన్నెండు," అన్నాడు ట్యాంకన్న.

ఆ రోజునుంచి పన్నెండో బిళ్ల ఎవరికీ కట్టలేదు. ఎవరొచ్చినా పదకొండుతో ఆపేవాడు. ట్యాంకులో గోడవారగా ఒక మనిషి చోటు ఖాళీగా ఉండిపోయింది. ఒకరోజు బిళ్లని ఇంటికి తెచ్చి, చింతపండు పెట్టి తోమి, తళతళలాడించి ఆవిడ చేతిలో పెట్టాడు. అటూ ఇటూ తిప్పి చూసుకుంది. "నేను కుట్టిన కోట్లన్నీ నా చుట్టూ నిలబడతాయన్నమాట. కాజాలు వదులయ్యాయేమో పడుకుని చూసుకోవచ్చు," అంది. ఆయన నవ్వాడు. ఇలాంటి వాటికి కూడా నవ్వు వస్తుందని ఆయనకి అప్పటిదాకా తెలియదు.

ఇంతలో కాలేజీకి పాఠ్యప్రణాళిక మార్చే పురుగు కుట్టింది. ఉన్న ప్రణాళిక ముప్ఫై ఏళ్ల నాటిది, మార్చాల్సిందే, కాదనేవాళ్లు లేరు. దానికి ఒక కమిటీ వేశారు. ప్రతి గురువారం కౌన్సిల్ గదిలో మీటింగు. ఆ గది ప్యూను కాలు విరిగి సెలవులో ఉండటంతో, మంచినీళ్లు పోయడానికి, ఫైళ్లు అందించడానికి ట్యాంకన్నని పిలిచారు. ఏసీ నుంచి కారే నీటికి మూలన ఒక బకెట్టు, గోడకి ఈ చివర నుంచి ఆ చివరిదాకా ఒక చార్టు. ఏ సబ్జెక్టుకి ఎన్ని గంటలో దాని మీద రంగు కాగితాల ముక్కలు అంటించి ఉండేవి. అనాటమీది ఆకుపచ్చ. ఆ చార్టు తయారుచేసిన ప్రొఫెసరు వయసులో చిన్నవాడు, మాటలో మెత్తనివాడు. ట్యాంకన్న మనసులో ఆయనకి రంగులాయన అని పేరు పెట్టుకున్నాడు.

గురువారం వచ్చిందంటే ఆకుపచ్చ మీద కత్తెర పడేది. ఒక ముక్క ఊడబీకి అక్కడ పసుపు అంటించేవారు. పసుపంటే పిల్లల్ని మొదటి ఏడాదే వార్డులకి పంపడం. ఇంకో ముక్క ఊడబీకి నీలం అంటించేవారు. నీలమంటే రోగితో ఎలా మాట్లాడాలో నేర్పడం. అవి చెడ్డవని ఎలా అంటాం? రంగులాయన చెప్పేవన్నీ నిజాలే. రెండువందల యాభై మంది పిల్లలు ఎనిమిది బల్లల చుట్టూ మూగితే వెనకవాళ్లకి ముందువాళ్ల వీపులే కనిపిస్తాయి. ఫార్మలిన్‌కి కళ్లు మండుతాయి, గొంతులు పాడవుతాయి. ట్యాంకన్న గొంతే దానికి సాక్ష్యం. వీటన్నిటికీ మందు తెరబల్లలట. మనిషంత పొడుగు గాజుపలక, వేలితో తాకితే చర్మం తొలగి కండరాలు, ఇంకోసారి తాకితే ఎముకలు. చూపించడానికి ఒకటి తెచ్చి గదిలో పెట్టారు. అందరూ వెళ్లాక ట్యాంకన్న కూడా తాకి చూశాడు. గుండె గిర్రున తిరిగింది. ఎన్నిసార్లు తాకినా అదే గుండె. ఏ రోగమూ లేకుండా బుద్ధిగా కొట్టుకుంటోంది.

"ఇవాళ ఆకుపచ్చ ఎంత మిగిలిందండీ?" అని ప్రతి గురువారం సాయంత్రం కోట్లత్త అడిగేది.

"జానెడు."

"కోటు బిగుతైతే కుట్లు విప్పుకోవాలి గానీ, చెయ్యి నరుక్కుంటారా ఎవరైనా?" అనేది. ఆయాసం వల్ల ఆ ఒక్క ముక్క అనడానికి రెండుసార్లు ఆగాల్సి వచ్చేది.

ఆకుపచ్చ తరఫున పోట్లాడేది ఒక్క అనాటమీ మేడమే. డిపార్ట్‌మెంటు హెడ్డు ఆవిడ. ఇదే కాలేజీలో చదువుకుని, కోట్లత్త కుట్టిన కోటు వేసుకునే ఆ హాల్లో మొదటిసారి కత్తి పట్టింది. "తెర మంచిదే. కాదనను. కానీ ఏ ఇద్దరి ఒళ్లూ ఒకలా ఉండవని పిల్లలకి తెర చెప్పదు," అనేది. చివరికి రంగులాయన ఒక మెట్టు దిగాడు. తెరబల్లలన్నీ రావడానికి ఎలాగూ మూడేళ్లు పడుతుంది, అప్పటిదాకా ఏడాదికి నాలుగు బల్లలు నడుపుకోండి అన్నాడు. ఆ తర్వాత కూడా నడుస్తాయా, కొత్త శరీరాలు తీసుకుంటారా లేదా అన్న దగ్గర బండి ఆగింది. మేడం ఏదో కాగితం ముందు పెట్టుకుని తన వంతు కోసం చూస్తోంది.

అప్పుడు ప్రిన్సిపాల్ కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "అసలిప్పుడు ట్యాంకులో ఎన్ని ఉన్నాయి?" అని అడిగాడు.

గదిలో తలలన్నీ నీళ్లజగ్గు పట్టుకుని నిలబడ్డ మనిషి వైపు తిరిగాయి. మేడం కూడా చూసింది.

ట్యాంకన్న నాలుక చివర తొమ్మిది సిద్ధంగా ఉంది. ఇరవై ఆరేళ్ల అలవాటు. కానీ ఆ క్షణంలో ఆయన బుర్ర వేరే దారిన పోయింది. తొమ్మిదంటే చూశారా, జనం ఇవ్వడమే లేదు, ఈ హాలు ఎలాగూ మూతపడేదే అంటారేమో అనుకున్నాడు. ఉన్నదంతా చెబితే, నిండుగా నడుస్తున్న ఇంటికి ఎవరు తాళం వేస్తారు? మేడం పరువు నిలబడుతుంది. హాలు నిలబడుతుంది. పన్నెండో చోటు నిలబడుతుంది. మేడం చూపు కూడా చెప్పు చెప్పు అన్నట్టే అనిపించింది.

"పదకొండు మంది సార్," అన్నాడు. అక్కడితో ఆగినా కొంత నయమయ్యేదేమో. రొమ్ము విరుచుకుని ఇంకో ముక్క కలిపాడు. "మా దగ్గర ఎప్పుడూ కొరత లేదు సార్. ఏడాదికి నాలుగు బల్లలంటే, చివరి ఏడాది ఒక్క బల్ల తగ్గించుకుంటే చాలు, మూడేళ్లు ఎవరినీ అడగక్కర్లేదు."

మేడం తన ముందున్న కాగితాన్ని మెల్లగా మడిచి ఫైల్లో పెట్టుకుంది. రంగులాయన ఏదో రాసుకున్నాడు. ట్యాంకన్న సంతోషంగా అందరికీ ఇంకో విడత నీళ్లు పోశాడు.

తర్వాతి గురువారం మీటింగు నిర్ణయాలు టైపై వచ్చాయి. ఇరవై కాపీలు తీయమని ఆయనకే ఇచ్చారు. జిరాక్స్ మిషను దగ్గర నిలబడి వచ్చిన కాగితాలు సర్దుతూ తొమ్మిదో అంశం చదివాడు. "ప్రస్తుతం నిల్వ ఉన్న పదకొండు శరీరములు మూడు సంవత్సరముల అవసరమునకు సరిపోవునని సంబంధిత సిబ్బంది తెలియజేసినందున, వచ్చే నెల ఒకటవ తేదీ నుండి కొత్త శరీరములు స్వీకరించబడవు. దాతల అంగీకార పత్రములు రద్దు చేయడమైనది." ఒకసారి చదివి అర్థం కాక మళ్లీ చదివాడు. సంబంధిత సిబ్బంది అంటే ఎవరో తట్టేసరికి కాగితాలు సర్దడం ఆపేశాడు. మిషను మాత్రం ఆగకుండా వేడివేడిగా అదే మాటని ఇరవైసార్లు ఆయన చేతుల్లో పెట్టింది.

నేరుగా మేడం గదికి వెళ్లాడు. ఆవిడ కూర్చోమంది. ఇన్నేళ్లలో ఆ గదిలో ఆయన కూర్చోవడం అదే మొదలు.

"అన్నా, నువ్వెప్పుడూ రెండు తగ్గించి చెబుతావు కదా," అంది. గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "నేను దాన్నే నమ్ముకుని కూర్చున్నాను."

ఫైల్లోంచి ఆ మడిచిన కాగితం తీసి చూపించింది. ఆవిడ చేతిరాత. తొమ్మిది మంది ఉన్నారు, రెండేళ్లకి ఎనిమిది మంది అయిపోతారు, మూడో ఏడాదికి ఒక్కరే మిగులుతారు, కాబట్టి కొత్తవాళ్లని తీసుకోవడం ఆపడానికి వీల్లేదు అని రాసుంది. తొమ్మిది కింద రెండుసార్లు గీత గీసి ఉంది.

ట్యాంకన్న ఆ గీతల మీద వేలు పెట్టాడు. "నేనేదో మేలు చేద్దామనుకున్నాను మేడం," అన్నాడు.

"తెలుసు."

"మా ఇంటిది రాసిచ్చింది."

"అదీ తెలుసన్నా."

ఆవిడ లేచి, ఆయన్ని వెంటబెట్టుకుని ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్లింది. రంగులాయన కూడా అక్కడే ఉన్నాడు. ప్రిన్సిపాల్ చెడ్డవాడేం కాదు, కుర్చీ అలాంటిది. అంతా విని, "రాసిచ్చినవాళ్లు నూట నలభై మంది ఉన్నారమ్మా. మన అటెండరు భార్య కాబట్టి తీసుకున్నామంటే మిగతావాళ్లకి ఏం సమాధానం చెప్పను? ఆయనే కదా మూడేళ్లు అక్కర్లేదన్నది, అందరి ముందూ," అన్నాడు.

రంగులాయనకి జాలేసినట్టుంది. ఏదో ఒక దారి చూపిద్దామని, "ఒకటో తేదీలోపు అయితే మనకేం అభ్యంతరం లేదు సార్. రూలు ఒకటి నుంచే కదా," అన్నాడు. అనేశాక గాని తనేమన్నాడో ఆయనకి తెలియలేదు. ముఖం కందిపోయి, చేతిలో పెన్ను వంక చూసుకుంటూ కూర్చున్నాడు.

ఒకటో తేదీకి పద్దెనిమిది రోజులున్నాయి.

ఆ పద్దెనిమిది రోజులు ఆ మనిషి పడ్డ నరకం పగవాడికి కూడా వద్దు. కోట్లత్త అప్పటికే మంచం పట్టింది. కాళ్లు నీరు పట్టి వేలితో నొక్కితే గుంట పడుతోంది. డాక్టరు చెప్పిన కొలతకి మించకుండా గ్లాసుతో నీళ్లు కొలిచి పట్టేవాడు, దిండ్లు ఎత్తుగా పెట్టేవాడు, మాత్రలు వేళకి వేసేవాడు. అన్నీ ఆవిడ బతకాలనే చేసేవాడు. చేస్తూ చేస్తూ గోడ మీద క్యాలెండర్ వైపు చూసేవాడు. చూసినందుకు తన చెంప తనే వాయించుకోవాలనిపించేది. ఆవిడ ఉంటే ఆ చోటు పోతుంది. ఆ చోటు దక్కాలంటే ఆవిడ ఉండకూడదు. ఏది కోరుకోవాలి మనిషన్నవాడు? ఒకరోజు ఆవిడ లేచి కూర్చుని నాలుగు ముద్దలు తిని, ఉప్పు తక్కువైందని పేచీ పెట్టింది. ఆయనకి పట్టరాని సంతోషం కలిగింది. దాని వెనకే పదకొండు రోజులే ఉన్నాయని గుర్తొచ్చి, కంచం కడిగే నెపంతో పెరట్లోకి పోయి, కుళాయి కట్టేసి ఉందని కూడా చూడకుండా చాలాసేపు నిలబడ్డాడు.

"ఆకుపచ్చ ఏమైందండీ?" అని ఆవిడ అడిగితే, ఉందిలే, అదెక్కడికి పోతుంది అనేవాడు. కూతురికి మాత్రం చెప్పాడు.

ఒకటో తేదీ వచ్చింది. పొద్దున్నే కోట్లత్త దిండుకి ఆనుకుని కూర్చుని ఎవరిదో కోటుకి జేబు కుడుతోంది. మిషను తొక్కే ఓపిక లేదు, చేతికుట్టే. ఒళ్లో తెల్లగుడ్డ, మీద కిటికీలోంచి ఎండ. ట్యాంకన్న మంచం పక్కన కింద కూర్చుని, ఇక దాచడం తన వల్ల కాక, చార్టు నుంచి జిరాక్స్ కాగితం దాకా అంతా చెప్పేశాడు. పదకొండని తనే చెప్పానన్నాడు. మూడేళ్లు అక్కర్లేదని కూడా తనే అన్నానన్నాడు.

ఆవిడ సూది ఆపి విన్నది. "పదకొండు మందేగా ఉన్నది. పన్నెండు మంది పడతారుగా అందులో?"

"పడతారు."

"మరి?"

ఆయన నేల మీద పడ్డ దారం ముక్కలు ఏరసాగాడు.

ఆవిడ మళ్లీ సూది కదిపి, రెండు కుట్లు వేసి, ఒకటో తేదీ అంటే ఇవాళే కదా అని అడిగింది. అవునన్నాడు. దారం పంటితో తెంపి ముడి వేసింది.

"ముందే చెబితే కాస్త తొందరపడేదాన్ని కదండీ," అంది.

నవ్వుతూనే అంది. ఎప్పుడూ వేసే జోకులాంటిదే అది కూడా. ట్యాంకన్న ఆవిడ పాదాలు రెండూ పట్టుకుని, ఆ వాపు మీద ముఖం ఆనించి, పెద్దపెట్టున ఏడ్చాడు. "ఊరుకోండి, పిల్లలెవరైనా కోటు కోసం వస్తారు, బాగోదు," అని ఆవిడ ఆయన తల నిమిరింది.

తొమ్మిదో తేదీ మధ్యాహ్నం కోట్లత్త పోయింది. కబురు తెలిసి హాస్టల్ పిల్లలు వచ్చారు. క్లాసులోంచి తిన్నగా వచ్చారేమో, అందరూ తెల్లకోట్లలోనే ఉన్నారు. సందులో పట్టక కొందరు మిషను పక్కన, కొందరు గుమ్మంలో, ఆవిడ చుట్టూ నిలబడ్డారు. ఆవిడ కోరుకున్నట్టు కోట్లన్నీ వచ్చాయి. పావుగంట తలవంచుకుని నిలబడి, ప్రాక్టికల్స్‌కి టైమైందని ఒక్కొక్కరే వెళ్లిపోయారు. ఒక అబ్బాయి మాత్రం మళ్లీ వెనక్కొచ్చి, "అత్తకి ఏమైందన్నా?" అని అడిగాడు. గుండెలో కవాటం బాబూ అన్నాడు ట్యాంకన్న. ఓహో అన్నట్టు తలూపి ఆ అబ్బాయీ వెళ్లాడు.

సాయంత్రంలోగా కట్టెల మీద అంతా అయిపోయింది. ఎవరి వేలూ తగలకుండానే ఆ గుండె కాలిపోయింది. తిరిగొచ్చేటప్పుడు కూతురు ఆయన చెయ్యి పట్టుకుని నడుస్తూ, "నాన్నా, అమ్మని అక్కడ పెట్టలేదని నాకు లోపల్లోపల ఎక్కడో నిమ్మళంగా ఉంది. తప్పా?" అంది.

"తప్పేం కాదు తల్లీ," అన్నాడు.

వారం తిరక్కుండానే పనిలోకి వచ్చాడు. ఇంట్లో ఆగిపోయిన మిషను ముందు కూర్చోవడం కంటే అదే నయం. కొత్త పాఠ్యప్రణాళిక అప్పటికి అచ్చయి వచ్చింది, పైన నున్నటి అట్ట, లోపల రంగు రంగుల పేజీలు. దాని ప్రకారం ట్యాంకు నిల్వ సరిచూసుకుని ఖాతా మూసేయమని స్టోర్స్ గుమాస్తాని పంపారు. కొత్త మనిషి. గుమ్మంలోనే ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని, రిజిస్టరు తెరిచి, "ఎన్నండీ?" అని అడిగాడు.

"పన్నెండు మంది," అన్నాడు ట్యాంకన్న.

గుమాస్తా కాగితం చూసుకున్నాడు. "పదకొండని ఉందే ఇక్కడ. మీరు చెప్పిందేనట."

"పన్నెండు."

ఇదెక్కడి గొడవరా అనుకుంటూ గుమాస్తా లోపలికొచ్చాడు. ట్యాంకన్న మూత ఎత్తి పట్టుకున్నాడు. అతను నీళ్లు కారుతున్న కళ్లతో వంగి, వేలు చూపిస్తూ ఒక్కొక్కరినీ లెక్కపెట్టాడు. పదకొండు వచ్చింది. మళ్లీ లెక్కపెట్టాడు. "పదకొండే ఉన్నాయి గురువుగారూ. పన్నెండోది ఎక్కడ?"

ట్యాంకన్న గోడవారగా ఉన్న చోటు చూపించాడు. గుమాస్తా అటు చూశాడు. ఉత్త ఫార్మలిన్ తప్ప అక్కడేమీ లేదు. ట్యాంకన్న ముఖం చూసి ఇంకేం అడగాలో తోచక, మూత వేసేయమన్నాడు.

"బిళ్లలు కూడా అప్పజెప్పాలట. పదకొండు కాళ్లకి ఉన్నాయి. ఇంకోటి ఉండాలి కదా?"

ట్యాంకన్న చొక్కా జేబులోంచి పన్నెండో బిళ్ల తీశాడు. ఇంకా తళతళలాడుతూనే ఉంది. గుమాస్తా దాన్ని కవర్లో వేసి, బిళ్లలు పన్నెండు, శరీరాలు పదకొండు అని రాసి, సంతకం పెట్టమని రిజిస్టరు ఇటు తిప్పాడు. లెక్క సరిగ్గానే ఉంది. ట్యాంకన్న సంతకం పెట్టాడు.